అమెరికా ద్రాక్ష, వైన్ పరిశోధన గ్రాంట్లు: దరఖాస్తు విధానంపై సమీక్ష

కాలిఫోర్నియాలో ద్రాక్ష మీద పరిశోధనకు డబ్బిచ్చే సంస్థలు ఒకటి రెండు కాదు. వాటిలో కొన్ని కలిసి, ఒకే దరఖాస్తును పంచుకుని చూసే ఏర్పాటు చేసుకున్నాయి. దాని పేరు యూనిఫైడ్ గ్రాంట్ మేనేజ్‌మెంట్ ఫర్ విటికల్చర్ అండ్ ఈనాలజీ (ద్రాక్ష సాగు, వైన్ తయారీ శాస్త్రం). ఒక ప్రపోజల్ రాసి పెడితే ఒకటికి మించిన సంస్థలు దాన్ని పరిశీలిస్తాయి. ఆ ఏర్పాటు, దాని చుట్టూ ఉన్న పరిశ్రమ నిధులు, పక్కనే ఉన్న ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) దారి ఎలా ఉన్నాయో ఈ సమీక్షలో చూద్దాం. అక్కడి యూనివర్సిటీల్లో పోస్ట్‌డాక్‌గానో కొత్త ఫ్యాకల్టీగానో చేరి, మొదటి గ్రాంటు కోసం చూస్తున్న మన వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది.

తీర్పు ముందే చెప్పేస్తే: రెండు మూడేళ్లలో తేలే, తోటలోనో వైనరీలోనో నేరుగా వాడుకోగల ప్రశ్న మీ దగ్గరుంటే ఇంతకన్నా మంచి దారి లేదు. దరఖాస్తు ఫెడరల్ గ్రాంటంత బరువుండదు, చదివేవాళ్లకు ద్రాక్ష తెలుసు. దీర్ఘకాలం సాగే పనికి మాత్రం ఏడాదికోసారి మళ్లీ అడగాల్సిన ఈ పద్ధతి బాగా ఇబ్బంది పెడుతుంది.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా దరఖాస్తు రాయడం మొదలుపెట్టకండి. అమెరికన్ వైన్‌యార్డ్ ఫౌండేషన్ 1978లో పుట్టింది. రైతులు, వైనరీలు స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాలే దాని ఆధారం. పియర్సెస్ డిసీజ్ అండ్ గ్లాసీ వింగ్డ్ షార్ప్‌షూటర్ బోర్డు 2001లో ఏర్పడింది. పియర్సెస్ డిసీజ్ తీగలను ఎండబెట్టే బ్యాక్టీరియా తెగులు, షార్ప్‌షూటర్ దాన్ని మోసే పురుగు. దక్షిణ కాలిఫోర్నియాలోని టెమెక్యులా లోయలో 1999లో తోటలు ఎండిపోయిన తర్వాత వచ్చిన బోర్డు అది. వైన్ ద్రాక్ష విలువలో ప్రతి 1000 డాలర్లకు గరిష్ఠంగా 3 డాలర్లు వసూలు చేస్తారు. ఆ వసూలు కొనసాగాలా వద్దా అని ఐదేళ్లకోసారి రైతులే ఓటు వేస్తారు. నర్సరీల నుంచి అమ్మకాల మీద 1 శాతం తీసుకునే ఇంప్రూవ్‌మెంట్ అడ్వైజరీ బోర్డు మరొకటి. వాషింగ్టన్ రాష్ట్రంలోనైతే అమ్మిన ప్రతి లీటరు వైన్ మీద పావు సెంటు పరిశోధనకు వెళ్తుంది. అంటే మీ ప్రపోజల్ మీద అభిప్రాయం చెప్పేవాళ్లలో ఈ డబ్బు కట్టిన వాళ్లూ ఉంటారు. శాస్త్రం ఎంత బాగున్నా, ‘ఇది తేలితే నేను కత్తిరింపులో, మందులో, నీళ్లలో ఏం మార్చుకోవాలి?’ అన్న ప్రశ్నకు మొదటి పేజీలో జవాబు దొరకకపోతే వాళ్ల మనసు అక్కడే తిరిగిపోతుంది.

ఒకే సమస్యను ఏ సంస్థ తలుపు తట్టి చెప్పాలో తేల్చుకోవడం సగం పని. ఆకులు ముడుచుకుపోయేలా చేసే లీఫ్‌రోల్ వైరస్‌నే తీసుకోండి. పిండినల్లి దాన్ని తోటలో ఎలా మోస్తోంది, ఎలా ఆపాలి అన్న కోణంలో రాస్తే పియర్సెస్ డిసీజ్ బోర్డు పరిధిలోకి వస్తుంది. తొలుత ఒక్క తెగులు కోసం పెట్టినా, తర్వాత ఆ బోర్డు లీఫ్‌రోల్, రెడ్ బ్లాచ్ (ఆకులను ఎర్రబరిచే మరో వైరస్ జబ్బు), పిండినల్లి వంటివాటినీ చేర్చుకుంది. నర్సరీ మొక్కల్లో వైరస్‌ను ముందే పట్టే పరీక్ష గురించి రాస్తే ఇంప్రూవ్‌మెంట్ అడ్వైజరీ బోర్డు. వైరస్ సోకిన గుత్తుల్లో చక్కెర తగ్గి వైన్ ఎలా మారుతోంది, దాన్ని వైనరీలో ఎలా సర్దుకోవాలి అంటే ఫౌండేషన్. మూడింటినీ ఒకే ప్రపోజల్‌లో కుక్కితే, ఎవరికీ అది తమ పనిగా కనిపించదు. ఇంకో సంగతి: అన్ని సంస్థలూ ఉమ్మడి ఫారం ద్వారానే తీసుకోవు, సొంతంగా పిలుపు ఇచ్చేవీ ఉన్నాయి. ఆ ఏడాది ప్రకటనలో ఎవరెవరి పేర్లున్నాయో చూసుకోవాలి.

ప్రశ్న పాతబడిందా లేదా అన్నదీ చూసుకోండి. రెడ్ బ్లాచ్‌కు కారణమైన వైరస్‌ను 2012లో గుర్తించారు. త్రీ కార్నర్డ్ అల్ఫాల్ఫా హాపర్ అనే రసం పీల్చే పురుగు దాన్ని మోయగలదని 2016లో చూపించారు. ‘ఈ వైరస్‌ను పురుగులు వ్యాపింపజేస్తాయా?’ అని ఇవాళ అడిగితే ముందడుగు ఉండదు. ఆ పురుగు సంఖ్యకూ తోటలో కొత్తగా జబ్బుపడే తీగల సంఖ్యకూ పొంతన కుదురుతోందా, కుదరకపోతే ఇంకేం మోస్తోంది అని అడిగితే చదివేవాళ్లు ఆగి చూస్తారు.

ఇక ఎక్కువ ప్రపోజళ్లు దెబ్బతినేది క్యాలెండర్ దగ్గర. కాలిఫోర్నియా రాష్ట్ర ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. గ్రాంటు కూడా ఆ లెక్కనే నడిస్తే, డబ్బు చేతికొచ్చేసరికి చలికాలపు కత్తిరింపు, చిగురు, పూత అన్నీ దాటిపోయి ఉంటాయి. కాయ రంగు తిరగడం, కోత మాత్రమే మిగులుతాయి. అయినా చాలామంది మొదటి ఏడాదిలోనే ‘కత్తిరింపు పద్ధతుల పోలిక’ అని రాసేస్తారు. పొలం తెలిసినవాళ్లు ఆ లైను దగ్గరే పెన్ను ఆపుతారు. మొదటి అర్ధ సంవత్సరాన్ని తోట ఎంపికకు, తీగల వైరస్ పరీక్షకు, ఏ మార్పూ చేయకముందు ఒక్కో ప్లాటు దిగుబడి ఎంతో తూచుకోవడానికి వాడుకుంటామని రాయండి. ఆ మూల కొలత చేతిలో ఉంటే తర్వాత గణాంకాలకూ బలం వస్తుంది.

దీనికన్నా లోతైన చిక్కు తీగలోనే ఉంది. ఈ ఏడాది పూసే గుత్తుల తొలి ఆనవాళ్లు కిందటేడాది పూత సమయం చుట్టూ, మొగ్గల లోపల ఏర్పడతాయి. ఈ మే నెలలో ఆకు తీసినా, నీళ్లు తగ్గించినా, నైట్రోజన్ మార్చినా, గుత్తుల సంఖ్య మీద ప్రభావం కనిపించేది వచ్చే ఏడాది పంటలో. కాబట్టి దిగుబడి గురించి ఒక్క సీజన్‌లో తేల్చేస్తామనే ప్రపోజల్ నిలబడదు. రెండు పూర్తి సీజన్లు కనీసం. వాతావరణం ఏటా మారుతుంది కాబట్టి మూడుంటే మేలు. కొత్తగా నాటి చేసే రూట్‌స్టాక్ (అంటు కింది వేరు మొక్క) పరీక్ష అయితే మొదటి చెప్పుకోదగ్గ పంటకే మూడో ఏడాది రావాలి. అలాంటి పనికి ఈ చిన్న గ్రాంట్లు ఒక్కటే ఆధారం కాకూడదు.

రెప్లికేషన్ల (ఒకే పరీక్షను విడివిడిగా మళ్లీ చేయడం) గురించి కాస్త నిలబడి చెప్పాలి. వైన్ దాకా వెళ్లే ప్రయోగాల్లో అందరికంటే ఎక్కువగా దొర్లే తప్పు ఇది. ఒక పద్ధతిలో పెంచిన వరుసల ద్రాక్షంతా ఒకే తొట్టిలో నలిపి, ఆ రసాన్ని మూడు పాత్రల్లో పోసి పులియబెట్టి ‘మూడు రెప్లికేషన్లు’ అని రాస్తారు. అక్కడ మూడుసార్లు జరిగింది పులియబెట్టడమే, తోటలో పద్ధతి ఒక్కసారే పరీక్షకు నిలిచింది. నేల తేడా వల్ల వచ్చిన రుచిని కూడా పద్ధతి ఖాతాలో వేసేస్తాం. మూడు బ్లాకుల (తోటలోని వేర్వేరు భాగాల) ద్రాక్షను కోత నుంచి సీసా దాకా విడివిడిగా నడిపితేనే అవి మూడు.

అలా విడిగా నడపాలంటే ద్రాక్ష సరిపోవాలి. ఎర్ర వైన్‌కు ఒక్కో పాత్రకు 25 కిలోలు అనుకుందాం. బాగా వస్తే 15 లీటర్లు, అంటే 20 సీసాలు. మడ్డి తీసేటప్పుడు పోయేది, ల్యాబ్‌కు పంపేది తీసేస్తే అంతకన్నా తక్కువే. రుచి ప్యానెల్ శిక్షణకూ అసలు పరీక్షకూ కలిపి ఆ సీసాలు ఇట్టే అయిపోతాయి. తీగకు 4 కిలోలు కాసే తోటలో ప్లాటుకు ఐదు తీగలు పెట్టుకుంటే వచ్చేది 20 కిలోలే. కొలిచే తీగలు ఎనిమిది ఉండాలి, రెండు చివర్లా వదిలేసే తీగలు వేరే. మందు చల్లే ప్రయోగమైతే మధ్యలో ఒక వరుస ఖాళీగా వదలాలి, లేకపోతే గాలికి పక్క ప్లాటు మీద పడుతుంది. ఈ లెక్క ప్రపోజల్‌లో ఒక్క పేరాలో రాస్తే చాలు, తోట గురించి మీకు తెలుసని అర్థమవుతుంది.

కోత తేదీ కూడా ముందే తేల్చి రాయాలి. అన్నీ ఒకే రోజు కోస్తే ఒకదానికి 23 బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత), ఇంకోదానికి 25 రావచ్చు. అప్పుడు వైన్‌లో కనిపించే తేడా ఆల్కహాలుదో, పద్ధతిదో చెప్పలేం. అన్నీ 24 బ్రిక్స్‌కు వచ్చాక కోస్తే తేదీలు వేరవుతాయి, మధ్యలో వేడిగాలులు రావచ్చు. రెండూ చెల్లే పద్ధతులే. ఏదో ఒకటి ఎంచుకుని, ఎందుకో చెప్పాలి. కార్చిచ్చుల వల్ల ద్రాక్షకు పట్టే పొగ వాసన మీద ప్రపోజళ్లలోనూ ఇలాంటి ఖాళీ ఒకటి కనిపిస్తుంది: ఆ వాసన తెచ్చే గ్వాయకాల్ వంటి ఫినాల్స్‌ను విడిగా ఉన్న రూపంలో మాత్రమే కొలుస్తామంటారు. కాయలో అవి ఎక్కువగా చక్కెరతో కట్టుబడి ఉండి, పులిసేటప్పుడూ తర్వాతా విడుదలవుతాయి. రెండు రూపాలూ కొలవకపోతే ఆ పరీక్ష వైనరీకి పనికిరాదు.

బడ్జెట్ రాసేముందు నమూనాలు లెక్కపెట్టండి. నాలుగు పద్ధతులు, ఐదు బ్లాకులు, సీజన్‌కు ఆరు తేదీలు, రెండేళ్లు: 240 నమూనాలు. ఒక్కో పరీక్ష ఖర్చుతో గుణిస్తే, చాలాసార్లు తేదీలు నాలుగుకు తగ్గించుకోవాల్సి వస్తుంది. ఆ పని పంపకముందే చేసుకోవడం మంచిది. విద్యార్థి జీతంతోపాటు ఫీజు ఇస్తారా, ఓవర్‌హెడ్ (యూనివర్సిటీ నిర్వహణ ఖర్చుల వాటా) ఇస్తారా అన్నది సంస్థను బట్టి మారుతుంది. పరిశ్రమ నిధుల్లో ఓవర్‌హెడ్ తక్కువగానో అసలు లేకుండానో ఉంటుంది, మీ యూనివర్సిటీ గ్రాంట్ల ఆఫీసు దానికి ఒప్పుకోవాలి. ఆ ఆఫీసు గడువు అసలు గడువుకన్నా కొన్ని పని దినాల ముందే ఉంటుందని మరవకండి. రిజిస్టర్ కాని మందుతో ప్రయోగమైతే రాష్ట్ర పెస్టిసైడ్ శాఖ నుంచి పరిశోధన అనుమతి కావాలి. ఆ ద్రాక్షను అమ్మకుండా నాశనం చేయాల్సి రావచ్చు. అప్పుడు రైతుకు కట్టే పరిహారం బడ్జెట్‌లో లేకపోతే, రైతు ఇచ్చిన సహకార లేఖకు విలువ ఉండదు. ఆ లేఖలో బ్లాకు, రకం, నాటిన ఏడాది, ఎన్ని వరుసలు, ఎన్నేళ్లు ఇస్తున్నారో ఉండాలి. ‘మేము మద్దతిస్తున్నాం’ అనే ఒక్క వాక్యం ఎవరినీ ఒప్పించదు.

ఫెడరల్ వైపు పెద్ద దారి స్పెషాలిటీ క్రాప్ రీసెర్చ్ ఇనీషియేటివ్ (పండ్లు, కూరగాయల వంటి పంటల పరిశోధన పథకం). 2008 ఫార్మ్ బిల్లుతో (అమెరికా వ్యవసాయ చట్టం) వచ్చింది. ఇందులో ముందు చిన్న ప్రీ అప్లికేషన్ పెట్టాలి. అందులోని అవసర వివరణను పరిశ్రమ వాళ్లు చదివి, పనికొస్తుందనుకుంటేనే పూర్తి దరఖాస్తుకు పిలుస్తారు. శాస్త్రవేత్తల ప్యానెల్ ఆ తర్వాత. మంచి ఏర్పాటు ఇది: వందల గంటలు పోయకముందే అవునో కాదో తెలుస్తుంది. కాకపోతే ఒక్క ల్యాబు పని ఇక్కడ సరిపోదు. ఆర్థికవేత్త, విస్తరణ సేవల వాళ్లు మొదటి నుంచీ జట్టులో ఉండాలి. ద్రాక్ష బ్రీడింగ్‌లో డీఎన్ఏ మార్కర్ల కోసం 2011లో మొదలైన విటిస్‌జెన్ ఈ నిధులతో, పలు సంస్థలు కలిసి నడిపిన ప్రాజెక్టే.

ఇక్కడ అంకెల్లో ఒక తప్పు పదేపదే దొర్లుతుంది. ఈ గ్రాంట్లలో ఓవర్‌హెడ్ పరిమితి చాలా ఏళ్లుగా మొత్తం ఫెడరల్ సొమ్ములో 30 శాతం. దాన్ని నేరు ఖర్చుల మీద 30 శాతం అని లెక్కకడతారు. నేరు ఖర్చు 7,00,000 డాలర్లయితే 2,10,000 కాదు, 3,00,000 దాకా అడగొచ్చు. నేరు ఖర్చుల మీద అది 42.857 శాతం. మీ యూనివర్సిటీ ఒప్పందపు రేటు అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే వర్తిస్తుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటనే ప్రమాణం. గ్రాంటుకు సమానంగా బయటి నిధులు (సమాన వాటా) చూపమని అడిగిన ఏడాదైతే, పరిశ్రమ గ్రాంటును మీ వాటాగా చూపడానికి వీలుంటుంది, ఎందుకంటే అది ఫెడరల్ సొమ్ము కాదు. ఒకే ఖర్చును రెండు చోట్ల చూపితే మాత్రం ఆడిట్‌లో దొరుకుతుంది. చిన్న కంపెనీగా దరఖాస్తు చేసేవాళ్లు ఫెడరల్ నిధులకు నమోదు చేసుకునే సామ్ డాట్ గవ్ సైటులో రిజిస్ట్రేషన్‌కు వారాలు కేటాయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి పాత డన్స్ (సంస్థ గుర్తింపు) నంబరు చెల్లదు, అక్కడే ఇచ్చే కొత్త గుర్తింపు సంఖ్య తీసుకోవాలి.

ఈ వ్యవస్థ మీద ఉన్న ప్రధాన అభ్యంతరం చెప్పాలి. యూసీ డేవిస్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ)లో ద్రాక్ష బ్రీడర్ ఆండ్రూ వాకర్, అడవి ద్రాక్ష విటిస్ అరిజోనికాలోని నిరోధకతను వైన్ ద్రాక్షలోకి తరతరాలుగా సంకరం చేస్తూ, పియర్సెస్ డిసీజ్‌ను తట్టుకునే ఐదు రకాలను 2019లో విడుదల చేశారు. రెండు దశాబ్దాల పని. పరిశ్రమ డబ్బుతో ఇంత పని సాధ్యమని అది రుజువు చేసింది. కానీ ఏటా పునరుద్ధరణ అడిగే పద్ధతిలో, మధ్యలో ఒక్క ఏడాది డబ్బు ఆగినా గ్రీన్‌హౌస్‌లోని మొలకలు చనిపోతాయి, నేర్చుకున్న మనిషి వేరే ఉద్యోగం చూసుకుంటారు. దీర్ఘకాలపు తోటలకు, బ్రీడింగ్‌కు కనీసం మూడేళ్లు హామీ ఇచ్చే విభాగం ఒకటి విడిగా ఉండాలి. అది వచ్చేదాకా, ప్రతి ఏడాదీ సొంతంగా నిలబడే ఒక ఫలితం ఉండేలా పనిని విడగొట్టుకోండి. మొదటి ఏడాది వైరస్ పటం, రెండో ఏడాది దిగుబడి తేడా, మూడో ఏడాది వైన్ అన్నట్టు.

పునరుద్ధరణ నివేదికను కొత్త ప్రపోజల్ అంత శ్రద్ధగా రాయండి. మంచు వల్లో, తోట అమ్ముడుపోవడం వల్లో ఒక బ్లాకు పోతే ఆ మాట మొదటి పేజీలోనే చెప్పి, మిగిలిన బ్లాకులతో తేడా పట్టే శక్తి ఎంత మిగిలిందో అంకెలో చూపండి. తిరస్కరణ వస్తే సమీక్షకుల వ్యాఖ్యలు అడిగి తీసుకోండి. మళ్లీ పంపేటప్పుడు ఒక్కో వ్యాఖ్యకు ఏం మార్చారో ఒకటి రెండు వాక్యాల్లో ముందుపేజీలో పెట్టండి. ఆ వ్యాఖ్యలు రాసినవాళ్లలో కొందరు తర్వాతి ఏడాది కూడా అదే బల్ల దగ్గర ఉంటారు.