పాత లెన్సులకు అడాప్టర్ వేసుకునేదా, కొత్తవి కొనేదా?

కడపలో పెళ్లిళ్ల ఫొటోలు తీసే మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, పోయిన నెల నికాన్ జడ్5 అనే అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరా తెచ్చుకున్నాడు. లోపల అద్దం ఉండే పాత నికాన్ డీఎస్ఎల్ఆర్‌తో పాటు ఇంట్లో మూడు లెన్సులున్నాయి. "అన్నా, ఇవి అమ్మేసి కొత్తవి కొనేదా, అడాప్టర్ వేసుకుని వీటితోనే నడిపించేదా?" అని అడిగినాడు. మూడింటికీ ఒకే జవాబు లేదు. లెన్సు లోపల ఫోకస్ మోటారు ఉందా లేదా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

మౌంటు అంటే కెమెరాకు లెన్సు బిగించే చోటు. 1959లో వచ్చిన, పాత నికాన్ కెమెరాలకుండే ఎఫ్ మౌంటులో లెన్సు కూర్చునే చోటికీ, వెనక ఫిల్ముకో సెన్సర్‌కో మధ్య 46.5 మి.మీ. దూరం. అద్దం లేచి పడడానికి ఆ చోటు కావాలి. జడ్5కు ఉన్న 2018 నాటి జడ్ మౌంటులో అద్దమే లేదు, దూరం 16 మి.మీ. మిగిలిన 30.5 మి.మీ. నింపేదే అడాప్టర్, అంటే పాత లెన్సుకూ కొత్త కెమెరాకూ మధ్య వేసే రింగు. అందులో గాజు ఉండదు కాబట్టి బొమ్మ చెడదు.

మొదటిది ఏఎఫ్-ఎస్ 70-200 జూమ్ లెన్సు. మోటారు దాంట్లోనే ఉంది. నికాన్ వాళ్ల ఎఫ్‌టీజడ్ అడాప్టర్ వేస్తే ఫోకస్ తనంతట తానే పడుతుంది. దీన్ని అమ్మడం తెలివితక్కువ.

రెండోది 50 ఎంఎం 1.8డి. చిక్కంతా దీంతోనే. దీని ఫోకస్ తిప్పే మోటారు పాత కెమెరా బాడీలో ఉండేది, ఎఫ్‌టీజడ్‌లో లేదు. ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) పనిచేస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పాలి. ఆ రింగు సన్నగా, వదులుగా ఉంటుంది. కొంచెం కదిలితే చాలు, ఫోకస్ ముక్కు మీద నుంచి చెవి మీదికి పోతుంది. పోయినేడు ఒక పెళ్లిలో నేను దీన్నే నమ్ముకున్నాను. మూడు ముళ్లు పడే ఆ కొన్ని సెకన్లలో తీసిన తొమ్మిది ఫొటోల్లో ఏడింట్లో ఫోకస్ అయ్యవారి భుజం మీద ఉంది. ఆ అమ్మాయి ఆల్బమ్ తిప్పుతుంటే నేను తలెత్తలేకపోయినాను. ఆ ఘట్టం మళ్లీ రాదు. పెళ్లి పనికైతే అప్పు చేసైనా కొత్త జడ్ 50 ఎంఎం 1.8 కొనమంటాను. ఎపర్చర్ పూర్తిగా తెరిచినా అంచుల దాకా స్పష్టంగా వస్తుంది, కంటి మీద ఫోకస్ అదే పట్టుకుంటుంది. పాత 50ని పాత బాడీకే ఉంచుకుంటే మేలు, అక్కడ దానికి మోటారు ఉంది.

మూడోది చిన్నాన్న స్టూడియో నాటి 105 ఎంఎం 2.5. పూర్తిగా చేతి లెన్సు. మా తమ్ముడు మొదట అమ్ముదామనుకున్నది దీన్నే. నేను ఒప్పుకోలేదు. దీనికి ఎఫ్‌టీజడ్ కూడా అక్కర్లేదు, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేని మామూలు అల్యూమినియం రింగు చాలు. ఒకరోజు పొద్దున్నే ఇద్దరం పుష్పగిరి పోయినాం. చెన్నకేశవస్వామి గుడి గోడ మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. ఎపర్చర్ 2.5కి తెరిచి, వ్యూఫైండర్‌లో బొమ్మను పెద్దది చేసుకుని, శిల్పం కనురెప్ప గీత తేటపడేదాకా రింగు తిప్పినాడు. ఆ రింగు నెయ్యి పూసినట్టు మెత్తగా, నిదానంగా తిరుగుతుంది. తర్వాత ఎపర్చర్ రింగును టక్ టక్ మని 5.6కి తెచ్చి నొక్కినాడు. రాతి మీద ఉలి గాట్లు కూడా లెక్కపెట్టేటట్టు వచ్చినాయి. కదలని వస్తువుకు, తొందర లేని పనికి ఈ లెన్సు ఇప్పటికీ దేనికీ తీసిపోదు. ఎదురెండలో మాత్రం గాజు మీది పాత కోటింగు వల్ల బొమ్మ తెల్లబోతుంది, ఎండ అడ్డుకునేటట్టు లెన్సు ముందు పెట్టే హుడ్ తప్పనిసరి. కెమెరా మెనూలో లెన్సు 105 అని నమోదు చేయకపోతే చేతి వణుకును బాడీ సరిగా సర్దలేదు.

ఇట్లాంటి లెన్సు బయట కొంటే వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది బూజు, వదిలేయండి. అడాప్టర్‌కూ పరీక్ష ఉంది. దూరంగా పాలకొండల వైపు తిప్పి, రింగును చివరిదాకా తిప్పినా కొండ మసగ్గానే ఉంటే అడాప్టర్ ఉండాల్సిన దానికన్నా మందం. మా తమ్ముడు మొదట తెచ్చింది అట్లాంటిదే. వాపసు చేసి ఇంకొకటి తెచ్చుకున్నాడు. ఇప్పుడు 105 వాడి సంచిలోనే ఉంటుంది.