690 ఎంపీఏ ప్లేటు: ఏ514, ఏ517, ఎస్690లో ఏది కొనాలి?

కొటేషన్‌లో "690 గ్రేడ్ ప్లేటు" అని మాత్రమే ఉంటే వెనక్కి పంపేయండి. ఆ పేరు కింద మూడు రకాల సరుకు రావచ్చు: అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణాల ఏ514, ఏ517, ఐరోపా వాళ్ల ఈఎన్ 10025-6 ప్రమాణంలోని ఎస్690. మూడూ క్వెంచ్ చేసి (కాల్చి ఒక్కసారిగా చల్లార్చి) టెంపర్ చేసిన (మళ్లీ కొంత వేడి చేసిన) ప్లేట్లే, మరీ మందం కానంతవరకు మూడింటి యీల్డూ (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 690 ఎంపీఏయే (మెగాపాస్కల్స్). మరి ధర ఎందుకు మారుతుంది? మిల్లు ఏయే పరీక్షలు చేసి ఇస్తుందో దాన్ని బట్టి.

ముందు ఏ514, ఏ517 సంగతి. గ్రేడ్ ఎఫ్ రెండింట్లోనూ ఉంది. నికెల్ 0.70–1.00, క్రోమియం 0.40–0.65, మాలిబ్డినం 0.40–0.60 శాతం, చిటికెడు బోరాన్. రసాయనం చూసి ఇది ఏదో చెప్పడం కష్టం. టెన్సైల్ (తెగే ముందు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి) మాత్రం 65 మి.మీ. మందం వరకు ఏ514కి 760–895, ఏ517కి 795–930 ఎంపీఏ. అసలు తేడా సాధారణ నిబంధనల్లో ఉంది. ఏ514 స్ట్రక్చర్ల ప్లేటు, దానికి ఏఎస్‌టీఎం ఏ6 అనే సాధారణ నిబంధనల పత్రం వర్తిస్తుంది. ఏ517 ప్రెషర్ వెసెల్ (పీడనం కింద ఉండే ట్యాంకు) ప్లేటు, దానికి ఏ20. ఏ20 ప్రకారం ఇలా క్వెంచ్ అయిన ప్రతి ప్లేటుకూ రెండు టెన్సైల్ పరీక్షలు చేయాలి. పైగా ఏ517కి చార్పీ (గాటు పెట్టిన నమూనాను దెబ్బ కొట్టి విరిచే పరీక్ష) తప్పనిసరి: సున్నా డిగ్రీలు గానీ అంతకంటే చల్లగా గానీ, అడ్డంగా కోసిన నమూనా మీద, పార్శ్వ వ్యాకోచం (విరిగిన చోట పక్కకు ఉబ్బిన మేర) 0.38 మి.మీ.కి తగ్గకుండా. ఏ514కి చార్పీ ఆర్డర్‌లో అడిగితేనే చేస్తారు. "అదే లోహం కదా" అని వెసెల్‌కు ఏ514 వేస్తే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఏ517ని స్ట్రక్చర్‌లో వాడితే ఇబ్బందేమీ లేదు, డబ్బు దండగ అంతే.

ఎస్690 దగ్గర చివరి అక్షరాలు చదవాలి. క్యూ అంటే చార్పీలో మైనస్ 20 డిగ్రీల దగ్గర 30 జౌల్స్, క్యూఎల్ అంటే మైనస్ 40, క్యూఎల్1 అంటే మైనస్ 60. ఇవి రోలింగ్ దిశలో తీసిన నమూనాల అంకెలు. మందం కూడా చూసుకోండి. 60 మి.మీ. ప్లేటులో ఏ514 ఇంకా 690 ఇస్తుంది, ఎస్690 అప్పటికే 650కి దిగుతుంది. 80 మి.మీ.కి వచ్చేసరికి తారుమారు: ఏ514 620, ఎస్690 650. ఎలాంగేషన్ (తెగేలోపు సాగే శాతం) ఏ514కి 18, ఎస్690కి 14 అని కనిపించగానే ఏ514 మెరుగని తేల్చేయకండి. సాగుదల కొలిచే నమూనా పొడవులు (గేజ్ పొడవులు) వేరు, ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

వెసెల్‌లో లాభమెంతో లెక్క వేద్దాం. లోపలి వ్యాసం 2000 మి.మీ., పీడనం 2 ఎంపీఏ, జాయింట్ ఎఫిషియెన్సీ (వెల్డు బలానికి ప్లేటు బలంతో నిష్పత్తి) 1. అమెరికా ప్రెషర్ వెసెల్ కోడ్ అయిన ఏఎస్ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1 ప్రకారం (ఆ కోడ్‌లో ఏ517ని ఎస్ఏ-517 అంటారు) మామూలు వెసెల్ ప్లేటు ఎస్ఏ-516 గ్రేడ్ 70కి అనుమతించే ఒత్తిడి 138 ఎంపీఏ, షెల్ 14.6 మి.మీ. వస్తుంది. ఎస్ఏ-517కి 227 ఎంపీఏ, షెల్ 8.9 మి.మీ. చాలు. కరోజన్ అలవెన్స్ (తుప్పుకు వదిలే మందం) రెండింటికీ అదనం. బరువు సుమారు 40 శాతం తగ్గింది. రోడ్డు మీద తిరిగే ట్యాంకరుకు ఇది గొప్ప లాభం. పునాది మీద కదలకుండా నిలబడే వెసెల్‌కు ఆ బరువు తగ్గించి ఏం చేసుకుంటాం? బదులుగా ఆ కోడ్‌లో ఇలాంటి ఉక్కులకు పెట్టిన యూహెచ్‌టీ నిబంధనలు నెత్తిన పడతాయి. 15 మి.మీ. దాటితే వెల్డింగ్ తర్వాత 540–595 డిగ్రీల మధ్య హీట్ ట్రీట్‌మెంట్ చేయాలి. ఆ పైహద్దు దాటారా, మిల్లులో టెంపర్ చేసిన ఉష్ణోగ్రతకు చేరువై బలం జారిపోతుంది. వెనేడియం ఉన్న గ్రేడుల్లో ఆ వేడికే వెల్డు అంచున పగుళ్లు వచ్చే ప్రమాదమూ ఉంది.

అమోనియాతో మరీ జాగ్రత్త. నీరు లేని అమోనియా ఇలాంటి ఉక్కును ఒత్తిడి కింద పగలగొడుతుంది. అందుకే అమెరికా రవాణా నియమాలు క్వెంచ్ అయిన ట్యాంకరులో కనీసం 0.2 శాతం నీరున్న అమోనియానే ఒప్పుకుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న చోట ఈ ప్లేటు జోలికే పోవద్దు.

స్ట్రక్చర్ల విషయంలో రెండు భ్రమలున్నాయి. యీల్డు రెట్టింపైతే గర్డరు వంపు సగమవుతుందనుకోవడం ఒకటి. స్థితిస్థాపక గుణకం (వంగకుండా నిలిచే బిగువు) ఈ250 లాంటి మామూలు ఉక్కుకైనా ఏ514కైనా దాదాపు ఒకటే కాబట్టి పలచబరిస్తే వంపు పెరుగుతుంది. రెండోది ఫెటీగ్, అంటే పదేపదే పడే భారంతో వచ్చే అలసట. వెల్డు చేసిన జాయింట్ ఫెటీగ్ బలం ప్లేటు గ్రేడును పట్టించుకోదు. క్రేన్ గర్డరు లాంటి వాటికి 350 ఎంపీఏ యీల్డు ఉన్న ఈ350యే సరైన బేరం.

ఇక ఈ ప్లేటు పరువు నిలిచేదీ పోయేదీ వెల్డింగ్‌లోనే. అమెరికాలో మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది మీది ఐ-40 హైవే వంతెన 1973లో తెరిచారు. 2021 మేలో దాని టై గర్డర్ (ఆర్చ్ రెండు చివరలనూ లాగి పట్టే దూలం) విరిగి కనబడితే మూసేశారు. ఆ గర్డరు టీ-1 ఉక్కు, అంటే ఏ514 కుటుంబం. ఫ్యాబ్రికేషన్ నాడే వెల్డులో హైడ్రోజన్ పెట్టిన పగులు దశాబ్దాలు దాక్కుని ఉంది.

దాన్ని ఆపే పద్ధతి కొత్తదేమీ కాదు. హైడ్రోజన్ వచ్చేది ఎక్కువగా వెల్డింగ్ రాడ్ల తేమ నుంచే, కాబట్టి ఈ ప్లేటుకు వాడే ఈ11018-ఎం రాడ్లను 370–430 డిగ్రీల దగ్గర గంట బేక్ చేయాలి. ఓవెన్ బయట అరగంటకు మించి ఉంచకూడదు. మామూలు ఈ7018కి ఉండే నాలుగు గంటల వెసులుబాటు ఇక్కడ లేదు, షాపుల్లో తప్పు జరిగేది ఇక్కడే. అమెరికా వెల్డింగ్ కోడ్ ఏడబ్ల్యూఎస్ డీ1.1 ప్రకారం ప్రీహీట్ (వెల్డింగ్‌కు ముందు ప్లేటు వేడి) 20–38 మి.మీ. మందానికి 50 డిగ్రీలు, 65 వరకు 80, ఆపైన 110. ఎక్కువ వేడి చేస్తే మంచిదనుకోవద్దు: 38 మి.మీ. వరకు ఇంటర్‌పాస్ (ఒక పాస్‌కూ మరో పాస్‌కూ మధ్య వేడి) 200 డిగ్రీలు దాటకూడదు. హీట్ ఇన్‌పుట్ (వెల్డు పొడవులో మి.మీ.కి ఇచ్చే వేడి) లెక్క రాసిపెట్టండి. 26 వోల్టులు, 170 ఆంపియర్లు, నిమిషానికి 200 మి.మీ. వేగమైతే మి.మీ.కి 1.33 కిలోజౌల్స్. రాడ్డును ఊపుతూ వెడల్పాటి పాస్ వేస్తే వేగం పడిపోయి ఈ అంకె ఎగబాకుతుంది, వెల్డు పక్కన ప్లేటు మెత్తబడుతుంది. తుది తనిఖీ 48 గంటలు ఆగాకే. వంకర తీయడానికి మంట పెడితే 600 డిగ్రీలు దాటనివ్వకండి.

స్ట్రక్చర్ల ఉక్కుకు మన భారత ప్రమాణం ఐఎస్ 2062లో పై మెట్టు ఈ650. అదీ స్ట్రక్చర్లకే, వెసెల్‌కు ఐఎస్ 2002, 2041 చూడాలి. వేడి హైడ్రోజన్ ఉన్న చోట కావలసింది 690 కాదు, క్రోమియం–మాలిబ్డినం ఉక్కు ఏ387 గ్రేడ్ 11 లేదా 22.

ఆర్డర్‌లో ఇంత వివరం ఉండాలి: "ఏ514 గ్రేడ్ క్యూ, 80 మి.మీ., చార్పీ మైనస్ 40 డిగ్రీల దగ్గర, అడ్డం నమూనా, ఇన్ని జౌల్స్, అల్ట్రాసోనిక్ పరీక్షతో, 3.1 సర్టిఫికెట్‌తో." 3.1 సర్టిఫికెట్ అంటే ఆ సరుకు మీదే చేసిన పరీక్షల ఫలితాలతో మిల్లు ఇచ్చే పత్రం. గ్రేడ్ అక్షరం వదిలేయకండి. గ్రేడ్ బీ 32 మి.మీ. దాకానే దొరుకుతుంది, క్యూ అయితే 150 మి.మీ. వరకు వెళ్తుంది.