ఉన్న జట్టులోనే ఎదగడమా, పోర్టల్ ఎక్కడమా: కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఆటగాడికి ఏది మేలు?

2025 మార్చి 28 రాత్రి అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఒకే కోర్టు మీద జాతీయ కాలేజీ టోర్నమెంటు ఆటలు రెండు జరిగాయి. ఒకదాంట్లో కెంటకీ 78-65తో టెనెసీ చేతిలో ఓడింది. ఇంకోదాంట్లో పర్డ్యూ 62-60తో హ్యూస్టన్ చేతిలో ఓడింది. కెంటకీ కోచ్‌గా మార్క్ పోప్ 2024లో అడుగుపెట్టేసరికి పాత స్కాలర్‌షిప్ ఆటగాళ్లలో ఒక్కడూ మిగల్లేదు. జట్టునంతా పోర్టల్ నుంచీ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు ఎక్కించుకునే జాబితా అది) కొత్త కుర్రాళ్ల నుంచీ ఏరి కూర్చుకున్నాడు. పర్డ్యూలోనేమో బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, ట్రే కాఫ్‌మన్-రెన్ ముగ్గురూ చేరిన రోజు నుంచి అక్కడే ఉన్నవాళ్లు. పూర్తిగా వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు జట్లూ ఒకే రాత్రి, ఆఖరి పదహారు జట్ల దగ్గరే ఆగిపోయాయి.

పర్డ్యూను ఇంటికి పంపిన ఆ చివరి బాస్కెట్‌ను ఒకసారి చూడండి. మిలోస్ ఊజాన్ గీత బయట నుంచి బంతిని జోసెఫ్ టగ్లర్‌కి వేశాడు. అందరి కళ్లూ టగ్లర్ మీద ఉండగానే లోపలికి దూరాడు. టగ్లర్ నేల తాకించి బంతి తిరిగిచ్చాడు, 0.9 సెకన్లు మిగిలుండగా లేఅప్ (బుట్ట పక్కనుంచే వేసే షాట్) పడింది. ఊజాన్ ఓక్లహోమా నుంచి వచ్చినవాడు, టగ్లర్ మొదటి నుంచీ హ్యూస్టన్‌లో పెరిగినవాడు. జట్టుకు ఏ దారి మేలో ఇలాంటి రాత్రులు తేల్చవు. కానీ మొదటి ఏడాది బెంచీ మీద గడిపిన 19 ఏళ్ల కుర్రాడికి ఏది మేలో చాలావరకు తేల్చి చెప్పొచ్చు. ఈ పోలిక వాడి కోసం.

ఎలా మారిందో రెండు ముక్కల్లో. పోర్టల్ 2018 అక్టోబరులో మొదలైంది. అప్పట్లో జట్టు మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఒకసారి మారడానికి ఆ శిక్ష తీసేశారు, 2024లో చదువు లెక్క సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చన్నారు. 2021 జూలై 1 నుంచి ఆటగాడు తన పేరూ బొమ్మా అమ్ముకోవచ్చు, దాన్నే ఎన్ఐఎల్ అంటున్నారు. 2025 జూలై 1 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు పంచుతున్నాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు, అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కే పోతుంది. 2025 వసంతంలో కాలేజీ ఆటలో పై అంచె అయిన పురుషుల డివిజన్-1 నుంచి రెండు వేల మందికి పైగా పోర్టల్ ఎక్కారు. ఆ విడత గడువు మార్చి 24న తెరుచుకుంది. అంటే ఇండియానాపొలిస్‌లో ఆ రెండు ఆటలు జరిగేటప్పటికే తలుపు తెరిచి నాలుగు రోజులైంది!

ఆటగాడి ఎదుగుదలకు అసలు కొలమానం డబ్బూ కాదు, విధేయతా కాదు. వేసవి. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం ప్రకారం వేసవిలో ఎనిమిది వారాలు, వారానికి ఎనిమిది గంటలు కోచ్‌లు పని చేయించవచ్చు. అందులో బంతితో నేర్పే పని నాలుగు గంటలు మించకూడదు, మిగతాది వెయిట్ రూమ్. లెక్కేస్తే వేసవి మొత్తానికి కోచ్ కళ్ల ముందు బంతితో గడిచేది 32 గంటలు. మిగతా సాధనంతా ఆటగాడు సొంతంగా చేసుకోవాలి, విద్యార్థి మేనేజరు రీబౌండ్ అందిస్తుంటే. సీజన్ మొదలయ్యాక వారానికి 20 గంటలు దొరుకుతాయి కానీ అవి రాబోయే ప్రత్యర్థికి సిద్ధం కావడానికే సరిపోతాయి, చేయి సరిచేయడానికి కాదు.

ఈ 32 గంటలు ఉన్నచోట ఒకలా ఖర్చవుతాయి, కొత్తచోట ఇంకోలా. షాట్ సరిచేసుకోవాల్సిన గార్డ్‌నే (బంతి నడిపే ఆటగాణ్నే) తీసుకోండి. మోచేయి బయటికి పోతోంది, బంతి భుజం పక్కనుంచి లేస్తోంది. దీన్ని మార్చాలంటే ముందు రిమ్‌కి (బుట్ట రింగుకి) ఐదారు అడుగుల దూరంలో ఒంటిచేత్తో, తర్వాత నిలబడి, తర్వాత పాస్ అందుకుని, చివర్లో పరుగులో వేయించాలి. రోజుకు మూడు నాలుగు వందల షాట్లు పడేదాకా వేయాలి. మొదటి కొన్ని వారాలు శాతం పెరగకపోగా తగ్గుతుంది, ఎందుకంటే చేతికి పాత అలవాటు పోయింది, కొత్తది రాలేదు. సరిగ్గా అప్పుడే భయపడి పాత పద్ధతికి తిరిగిపోతారు. ఉన్న కోచ్‌కి ఆ పతనం ఎందుకో తెలుసు, ఓపిక పడతాడు. ఆటగాణ్ని డబ్బిచ్చి తెచ్చుకున్న కొత్త కోచ్ సీజన్ మొదలయ్యే నవంబరులోనే ఫలితం కావాలంటాడు. షాట్ ముట్టుకోవద్దు, ఉన్నదాంతో కానిచ్చేద్దాం అంటాడు. ఆయన్నీ తప్పుపట్టలేం, ఆయన కొనుక్కుంది ఒక్క ఏడాదినే.

బుట్ట దగ్గర ఆడే పొడగరుల సంగతి ఇంకా కష్టం. పిక్ అండ్ రోల్ అంటే ఒకడు ప్రత్యర్థికి అడ్డుగా నిలబడి (అదే స్క్రీన్) బంతి ఉన్నవాడికి దారి చేసి, తను బుట్ట వైపు కదలడం. దాన్ని అడ్డుకోవడంలో ఒక జట్టు తన సెంటర్‌ని, అంటే పొడగరిని, రిమ్ వైపు వెనక్కి జరగమంటుంది, దాన్ని డ్రాప్ అంటారు. ఇంకో జట్టు స్క్రీన్ దాటి ముందుకు దూకి గార్డ్‌ని ఆపి వెంటనే వెనక్కి పరిగెత్తమంటుంది, అది హెడ్జ్. మొదటిదాంట్లో మడమల మీద బరువు, చేతులు పైకి. రెండోదాంట్లో మునివేళ్ల మీద, నడుము వంచి అడ్డంగా రెండడుగులు. ఏడాదిపాటు ఒకటి అలవాటైన కాళ్లకు రెండోది నేర్పడానికే ఆ 32 గంటల్లో పెద్ద వాటా పోతుంది. పైగా ఒకే ఎత్తుగడకు ఒక్కో కాలేజీలో ఒక్కో పేరు. కొత్తవాడు నవంబరులో అరక్షణం ఆలస్యంగా కదలడానికి కారణం సోమరితనం కాదు, ఆ పేరును లోపల అనువదించుకుంటున్నాడు.

ఉండిపోయి ఎదిగినవాడికి ఉదాహరణ జాక్ ఎడీ. ఏడడుగుల నాలుగంగుళాల కెనడా కుర్రాడు, ఆట మొదలుపెట్టిందే ఆలస్యంగా. పర్డ్యూలో మొదటి ఏడాది సగటు 8.7 పాయింట్లు, తర్వాత 14.4, 22.3, 25.2. రెండో ఏడాది కూడా ట్రెవియన్ విలియమ్స్‌తో నిమిషాలు పంచుకున్నాడు. ఈ రోజుల్లో అయితే ఆ వసంతంలోనే ఎవరో ఒకరు ఫోన్ చేసి లాగేసుకునేవారు. 2023, 2024 రెండేళ్లూ దేశంలో ఉత్తమ ఆటగాడయ్యాడు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తొమ్మిదో స్థానంలో పోయాడు. కాఫ్‌మన్-రెన్ ఇంకా నెమ్మది. మొదటి ఏడాది రెడ్‌షర్ట్, అంటే జట్టుతో సాధన చేస్తూ ఒక్క ఆటా ఆడకుండా ఆ సీజన్‌ని దాచుకోవడం. ఎడీ వెళ్లిపోయాక 2024-25లో సగటున 20 పాయింట్లు కొట్టాడు.

అలాగని ఉండిపోవడమే గొప్పనుకుంటే పొరపాటు. ఉన్నచోట కోచ్ మారినా, జట్టులో పదిమంది కొత్తవాళ్లు దిగినా, పాతవాడి వేసవి కూడా మొదటి పాఠంతోనే మొదలవుతుంది. పక్కవాళ్లకు ఓనమాలు చెబుతుంటే వీడు కూర్చుని వినాలి. కాబట్టి ఏప్రిల్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న వచ్చే ఏడు ఎంతమంది తిరిగొస్తున్నారన్నది. రెండోది, నా స్థానంలో ఎవరిని పిలుస్తున్నారు? కోచ్ నవ్వి మాట దాటేస్తే జవాబు దొరికినట్టే.

పోర్టల్ ఉన్న విద్యను బయటపెడుతుంది, లేని విద్యను నేర్పదు. డాల్టన్ నెక్ట్ నార్తర్న్ కొలరాడోలో సగటున 20 పాయింట్లు కొడుతూనే టెనెసీకి వచ్చాడు. అక్కడ 21.7 కొట్టాడు, ఎన్‌బీఏలో 17వ స్థానం దక్కింది. ఆట పెద్దగా మారలేదు, చూసే కళ్లు మారాయి. చిన్న కాన్ఫరెన్స్‌లో (కాలేజీల లీగ్‌లో) నిరూపించుకున్నవాడు పైకి పోవడం నూటికి తొంభైపాళ్లు సరైన పనే.

దీనిలోనూ ఒక కిటుకుంది. వాల్టర్ క్లేటన్ అయోనాలో రెండేళ్లు ఆడి 2023లో ఫ్లోరిడా వచ్చాడు. ఛాంపియన్‌షిప్ వచ్చింది అక్కడ రెండో ఏడాది, 2025లో. జోనై బ్రూమ్ మోర్‌హెడ్ స్టేట్‌లో రెండేళ్లయ్యాక ఆబర్న్ చేరి మూడేళ్లు కదల్లేదు. ఒకసారి మారడం, మారాక వేళ్లూననివ్వడం: బాగా కుదిరింది ఈ పద్ధతే. ప్రతి ఏప్రిల్‌లో మూటముల్లె సర్దేవాడికి నాలుగేళ్లలో ఒక్క వేసవి కూడా పూర్తిగా తనది కాదు. కామ్ స్పెన్సర్ లాంటివాడు లయోలా మేరీలాండ్, రట్గర్స్ మీదుగా వచ్చి యూకాన్‌లో ఒక్క ఏడాదిలోనే ఛాంపియన్ అయ్యాడు కదా అంటారు. అయ్యాడు. కానీ అతను వచ్చేనాటికే నాలుగేళ్లు ఆడి, చేయి తిరిగిన షూటర్.

బెంచీ మీద ఉన్నవాడు అంతే పెద్ద ఇంకో జట్టుకు పోవడం అన్నింట్లోకీ చెత్త ఎంపిక. ఆట వీడియోనే లేదు, ఏం చూసి తీసుకుంటారు? ఒక్కో జట్టుకు 15 మందే, అందులోనూ కొన్ని చోట్లు కొత్త కుర్రాళ్లకు ముందే మాటిచ్చి ఉంటారు. ఇలాంటివాడికి కిందికి దిగడమే మందు. చిన్న కాలేజీలో 30 నిమిషాలు ఆడి, రెండేళ్ల తర్వాత కావాలంటే పైకి రావచ్చు. దీన్ని ఓటమిగా చూసే తల్లిదండ్రులే ఎక్కువ.

డబ్బు గురించి కొంచెం. అంకె వినగానే కళ్లు తిరుగుతాయి కానీ ఎన్ఐఎల్ ఆదాయం చాలామందికి 1099 మీదే (స్వయం ఉపాధి ఆదాయపు ఫారం) వస్తుంది, డబ్ల్యూ-2 ఫారం మీద వచ్చే ఉద్యోగ జీతంలా పన్ను ముందే పట్టుకోరు. స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం, దానిపైన ఫెడరల్ పన్ను. ఏడాదికి నాలుగు వాయిదాల్లో కట్టకపోతే జరిమానా. ఏజెంటు వాటా వేరే. ఫ్లోరిడా, టెక్సస్, టెనెసీలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాబట్టి అదే అంకె కాలిఫోర్నియాలో చేతికి తక్కువ వస్తుంది. మధ్యలో జట్టు మారితే కొంత తిరిగి కట్టాలన్న షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, అది చదవకుండా సంతకం పెట్టేవాళ్లున్నారు.

మనవాళ్లకు బాగా తెలిసిన చిక్కు ఇంకోటుంది, ఎఫ్-1 విద్యార్థి వీసా. విదేశీ ఆటగాడు ఆ వీసా మీద అమెరికా గడ్డ మీద ప్రకటనలకు పనిచేయడం కుదరదు. కెంటకీలో ఆడిన కాంగో దేశపు ఆస్కార్ షీబ్వే 2022 ఆగస్టులో జట్టుతో బహమాస్ వెళ్లినప్పుడు అక్కడ ఆ పనులు ముగించుకొచ్చాడు. జట్టు మారితే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు బదిలీ, కొత్త ఐ-20 ప్రవేశ పత్రం మామూలే. మన పిల్లలు ఎమ్మెస్ మధ్యలో యూనివర్సిటీ మారినట్టే, తేడా అల్లా ఇక్కడ జూన్‌లో సాధనకు హాజరు కావాలి.

అందరూ మర్చిపోయేది క్రెడిట్లు. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తవ్వాలన్నది ఎన్‌సీఏఏ లెక్క. లెక్కలోకి వచ్చేది కొత్త కాలేజీ ఇచ్చే డిగ్రీ, పాతది కాదు. బిజినెస్ చదివినవాడి క్రెడిట్లు కొత్తచోట కొన్ని చెల్లకపోతే వేసవిలో రెండు మూడు కోర్సులు అదనంగా చేయాలి. సాధనకు ఉంచుకున్న మధ్యాహ్నాలు అక్కడికి పోతాయి.

చివరగా వరస. పోర్టల్ ఎక్కాలంటే రాతపూర్వకంగా అడగాలి. అడిగాక రెండు పని దినాల్లో కాలేజీ పేరు ఎక్కించి తీరాలి. పేరు ఎక్కితే ఆ టర్మ్ తర్వాత పాత స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు కాలేజీకి ఉంటుంది, మనసు మార్చుకున్నా తిరిగి తీసుకోవాలన్న నియమం లేదు. కాబట్టి ఆ ఉత్తరం పంపే ముందే ట్రాన్‌స్క్రిప్ట్ తెచ్చుకోవాలి, తన ఆట ముక్కలు పది నిమిషాల వీడియోగా కత్తిరించుకోవాలి. అందులో డంకులు నాలుగు చాలు. స్క్రీన్ ఎలా దాటుతున్నాడు, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడు, పొరపాటయ్యాక వెనక్కి ఎలా పరిగెత్తుతున్నాడు, కోచ్‌లు వెతికేది వీటికోసం.