కౌన్సెలింగ్‌కి మొదటిసారి వెళ్తున్నారా? మేడమ్‌కి 5కి 4, రిసెప్షన్‌కి 1

కూకట్‌పల్లి వైపు ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి కొన్ని నెలలుగా వెళ్తున్నా. రిసెప్షన్‌ని కింద గట్టిగానే తిట్టాను కాబట్టి సెంటర్ పేరు రాయడం లేదు. అయినా ఇందులో చాలా సంగతులు ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి.

మొదటి రోజు మనసులో ఉన్నదంతా కక్కేసి, బాగా ఏడ్చేసి, తేలికైపోయి బయటికి వస్తామని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ ఉండదు. ముప్పావు గంటలో సగానికి పైగా ప్రశ్నలే. నిద్ర ఎలా పడుతోంది, ఆకలి వేస్తోందా, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, మందు అలవాటు ఉందా, థైరాయిడ్ టెస్ట్ చేయించారా, మీ వైపు వాళ్లలో ఎవరికైనా ఇలాంటిది ఉందా, ఇలా సాగుతుంది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా సూటిగా అడుగుతారు. కంగారు పడకండి, అది అందరినీ అడిగేదే, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అడగకపోతేనే అనుమానించాలి. తర్వాత డిప్రెషన్ ఎంతుందో చూసే ఒక కాగితం ఇచ్చారు, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారని 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. ఇది తెలుగులోనూ దొరుకుతుంది, వీళ్లు మాత్రం ఇంగ్లీషుదే పెట్టుకున్నారు, ఎందుకో మరి.

మేడమ్ బాగా నచ్చింది ఒక్క కారణానికి. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులో మాట్లాడే మనిషిని కదా, అదే ఊపులో మా నాన్న గురించి కూడా ఇంగ్లీషులోనే మొదలుపెడితే, ఎవరో పక్కింటాయన గురించి చెబుతున్నట్టు వచ్చింది. ఆవిడ కనిపెట్టేసి "తెలుగులో చెప్పండి, తొందరేం లేదు" అన్నారు. అక్కడి నుంచి మాట మారింది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగులో మాట్లాడే వాళ్లు కావాలని అడగండి, మొహమాటపడకండి.

సలహాలు మాత్రం ఆశించకండి. ఉద్యోగం మానెయ్యనా వద్దా అని ఎన్నిసార్లు అడిగినా చెప్పరు, తిరిగి మననే అడుగుతారు. 1500 ఇచ్చింది ఇందుకా అని మొదట్లో ఒళ్లు మండింది కూడా. ఆ తర్వాత హోంవర్క్ ఇచ్చారు: టెన్షన్ వచ్చినప్పుడల్లా ఏం జరిగింది, బుర్రలో ఏ మాట తిరిగింది, అందులో నిజమెంత అని నోట్‌బుక్‌లో రాయాలి. చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది గానీ, మేనేజర్ పొట్టి మెసేజ్ పెడితే చాలు ఉద్యోగం పోయినట్టే అని నేను ఖాయం చేసుకుంటున్నానని ఆ రాతల్లోనే బయటపడింది.

టాబ్లెట్లు సైకాలజిస్ట్ రాయరు, రాయకూడదు. అవసరమనిపిస్తే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తారు, వాళ్లు ఎంబీబీఎస్ చదివిన డాక్టర్లు. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు ఉంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. అడిగితే చిరాకుపడేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లక్కర్లేదు.

ఇప్పుడు రిసెప్షన్ సంగతి. హాలు నిండా జనం ఉండగా "డిప్రెషన్‌కి వచ్చింది మీరేనా?" అని కేకేసి పిలిచారు. అసలే మన దగ్గర మానసిక ఆసుపత్రి ఉందని ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడతారు, అలాంటి చోట ధైర్యం చేసి వచ్చిన వాళ్లని ఇలాగేనా పిలిచేది? 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మన వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. మేడమ్ అయితే మొదటి రోజే స్పష్టంగా చెప్పారు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే తప్ప ఇక్కడి మాట ఇంట్లోవాళ్లకి కూడా చెప్పను అని. ఆ మాట బయట కూర్చున్నవాళ్లకి ఎవరూ నేర్పినట్టు లేదు.

ఫీజు భారం అనుకుంటే ముందు 14416కి చేయండి. టెలీ మానస్ అని, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన సర్వీసు, డబ్బులక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఒకసారి రాత్రి బాగా పొద్దుపోయాక చేశాను. ఫోనెత్తిన అమ్మాయి ఓపిగ్గా విన్నది, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి కలుపుతామంది. వారం వారం ఒకే మనిషితో కూర్చుని మాట్లాడే పనికి అది సరిపోదు గానీ, ఎవరికీ చెప్పుకోలేని రాత్రికి చాలా నయం.

రెండు మూడు సిట్టింగ్‌ల తర్వాత కూడా ఆవిడ ముందు నోరు పెగలకపోతే వేరే వాళ్లని చూసుకోండి, అది ఆవిడకీ మామూలే. ఇక్కడ శనివారం స్లాట్లు తొందరగా అయిపోతాయి, అపాయింట్‌మెంట్‌కి 24 గంటల్లోపు క్యాన్సిల్ చేస్తే ఫీజు మొత్తం పోతుంది, కారు పెట్టుకోవడానికి చోటు లేదు, మెట్రోలో రావడమే మేలు.