షోరూం ప్రమోటరా, చెరువుల మీద ఫీల్డ్ సేల్సా?

డిగ్రీ కాగానే భీమవరం, రాజమహేంద్రవరం చుట్టుపక్కల దొరికే అమ్మకాల ఉద్యోగాల్లో రెండు ఎక్కువగా కనిపిస్తాయి: షోరూంలో ఒక కంపెనీ టీవీల పక్కన నిలబడి వాటినే కొనిపించే ప్రమోటర్ పని, రొయ్యల మేత అమ్ముతూ చెరువుల వెంట తిరిగే ఫీల్డ్ పని.

ప్రమోటర్‌కు నీడ ఉంటుంది, కూర్చునే వీలు మాత్రం తక్కువ. దసరాకు, సంక్రాంతికి ఊరంతా పండగ చేసుకుంటుంటే అతను టార్గెట్ లెక్క చూసుకుంటాడు. జీతం చాలాచోట్ల ఏజెన్సీ ద్వారా వస్తుంది కనుక, నియామకపత్రం ఎవరి పేరున ఉందో, పీఎఫ్ ఎవరు జమచేస్తున్నారో, నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి వర్తించే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉందో లేదో చేరకముందే అడగడం మంచిది.

ఫీల్డ్ పనిలో ఎండ, బురద కంటే అరువు బరువైనది. డీలరు దగ్గర మేత అప్పుమీద తీసుకున్న రైతు, చెరువులో రొయ్యలు పట్టి అమ్మాక డబ్బు కడతాడు. మధ్యలో రొయ్యలను చంపే తెల్లమచ్చ తెగులు సోకితే పంట ముందే పట్టేస్తారు, బకాయి డీలరు దగ్గర ఆగుతుంది, వసూలు కాలేదన్న మాట మాత్రం ఫీల్డ్‌లో తిరిగే కుర్రాడి మీద పడుతుంది. అయినా, చెక్‌ట్రే (మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్లెం) పైకి లాగి "ఏవండీ, మీ మేత తినట్లేదండి" అని రైతు నిలదీసినప్పుడు, నీటి రంగు, రొయ్య పేగు చూసి కారణం చెప్పగలిగే స్థాయికి ఎదిగినవాడిని మరో కంపెనీ పిలిచి తీసుకుంటుంది. షోరూంలో అంత విద్య అబ్బదు.

నా ఓటు ఫీల్డ్‌కే, అయితే పెట్రోలు ఖర్చు జీతంలో కలపకుండా విడిగా ఇస్తేనే.