చర్చి ఉద్యోగికి నిరుద్యోగ భృతి: పీయూఏ సేవపై ఆలస్యంగా రాస్తున్న సమీక్ష

అమెరికాలో 2020 మార్చి 27న అమల్లోకి వచ్చిన కేర్స్ అనే కోవిడ్ సహాయ చట్టం కింద, మామూలు నిరుద్యోగ భృతికి అర్హత లేనివారి కోసం ఏర్పాటైన పాండెమిక్ అన్‌ఎంప్లాయ్‌మెంట్ అసిస్టెన్స్, అందరి నోటా పీయూఏగా నలిగిన పథకం, నాలాంటి చర్చి ఉద్యోగులకు ఎంతవరకు పనికొచ్చిందో చెప్పడానికే ఈ సమీక్ష. ఏడేళ్లుగా ఒక చర్చి కార్యాలయంలో లెక్కలు, హాజరు పుస్తకం చూసుకుంటూ ఆదివారాలు ఆర్గన్ వాయించిన నన్ను, ప్రార్థనలు ఆగిపోయి కానుకలు సగానికి పడిపోయిన ఆ ఏప్రిల్‌లో పని నుంచి తప్పించారు.

నిరుద్యోగ భృతి కోసం యజమానులు కట్టే ఫెడరల్ పన్ను చర్చిలకు వర్తించదు; రాష్ట్రాల చట్టాలు కూడా చాలావరకు వాటికి మినహాయింపు ఇచ్చాయి. అలా మినహాయింపు పొంది నిరుద్యోగ బీమాలో చేరని చర్చిలో పనిచేసినవారికి మామూలు భృతి రాదు. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన రోజున నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏటా ఉద్యోగి జీతం, పన్ను వివరాలు చూపే డబ్ల్యూ-2 పత్రం చేతికొస్తుంటే మిగతా ఉద్యోగులకున్న రక్షణలన్నీ నాకూ ఉన్నాయనే అనుకున్నాను.

సేవలోని మొదటి లోపం క్రమంలోనే ఉంది. మా రాష్ట్రంలో ముందుగా మామూలు భృతికి దరఖాస్తు చేసి, అది తిరస్కరణకు గురయ్యాకే పీయూఏకు వెళ్లాలి. మూడు వారాల తర్వాత వచ్చిన ఉత్తరంలో నా పేరిట నమోదైన వేతనం 0 డాలర్లు అని ఉంది. ఏడేళ్ల కష్టం పక్కన ఆ సున్నాను చూసినప్పుడు కలిగిన చిన్నతనం డబ్బు అందాక కూడా పోలేదు. తర్వాతి ఫారమ్ స్వయం ఉపాధి పొందేవారిని దృష్టిలో పెట్టుకుని తయారు చేసినదే కాబట్టి వ్యాపారం పేరు, నికర ఆదాయం అడిగింది. చర్చి గుమాస్తాకు సరిపోయే గడి అందులో కనిపించలేదు. కానుకలు తగ్గాయని రాస్తే చాలదని, కోవిడ్ వల్ల పనిచేసే చోటు మూతపడిందన్న కారణాన్నే ఎంచుకోవాలని ఫోన్‌లో చెప్పిన ఉద్యోగిని ఓపికను మాత్రం మెచ్చుకోవాలి. ఆమె దొరకడానికి రెండు గంటలు లైన్‌లో ఉన్నానన్నది వేరే సంగతి.

డబ్బు విషయంలో ఫిర్యాదు లేదు. పీయూఏ కనీస మొత్తం రాష్ట్ర సగటు వారపు భృతిలో సగం; దానిపై జూలై చివరి వరకు వారానికి 600 డాలర్ల ఫెడరల్ అదనం కలిసింది. పని పోయిన వారం నుంచి లెక్కగట్టి బకాయి కూడా చెల్లించారు. నా చర్చి జీతం కంటే ఆ వారపు భృతే ఎక్కువని తేలినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆగస్టులో అదనం ఆగిపోయాక మిగిలినది మా ఇంటి అద్దెకు కూడా చాలలేదు.

సిబ్బంది జీతాల కోసం ఇదే చట్టం కింద అప్పట్లో ఇచ్చిన పేచెక్ ప్రొటెక్షన్ రుణాలకు చర్చిలు కూడా అర్హమయ్యాయి. సకాలంలో దరఖాస్తు చేసి సిబ్బందిని నిలుపుకున్న చర్చిలు ఉన్నాయి. మా కమిటీ సమావేశమై నిర్ణయించేసరికి నేను ఇంట్లో ఉన్నాను. విస్కాన్సిన్‌లో కాథలిక్ బిషప్‌లు తమ ఉద్యోగుల కోసం 1986లోనే సొంత నిరుద్యోగ నిధిని ఏర్పాటు చేసుకున్నారు. మినహాయింపు కోరే ప్రతి సంస్థా ఆ మాత్రం బాధ్యత తలకెత్తుకుంటే నాలాంటివారికి పీయూఏ అవసరమే ఉండేది కాదు.

5కు 3 ఇస్తున్నాను: అందిన డబ్బుకు రెండు, ఫోన్‌లో ఓపికకు ఒకటి. పీయూఏ 2021 సెప్టెంబర్ 6తో ముగిసింది, కాబట్టి ఇప్పుడు చర్చిలో పని పోతే ఆ దారి లేదు. అయితే చాలా రాష్ట్రాల్లో చర్చి తనంతట తానుగా నిరుద్యోగ బీమాలో చేరవచ్చు. ఇప్పుడు పనిచేస్తున్న చర్చిలో సంతకం పెట్టే ముందు మీరు అందులో చేరారా అని అడిగాను. కోశాధికారి కళ్లజోడు సర్దుకుని, తెలుసుకుని చెబుతానంటూ ఆ ప్రశ్నను చీటీ మీద రాసుకున్నారు.