ఆయుకా, పుణె: నార్లీకర్ కట్టి ఇచ్చిన శాస్త్రకేంద్రం

పుణె విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న, అందరూ ఆయుకా అని పిలిచే అంతర విశ్వవిద్యాలయ ఖగోళశాస్త్ర కేంద్రం విలువను గ్రహించాలంటే, దాని తొలి సంచాలకులు జయంత్ నార్లీకర్ ఏమి వదులుకుని దాన్ని నిర్మించారో తెలియాలి. కేంబ్రిడ్జ్‌లో ఖగోళశాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి ఒక కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించి, 1965లో ఇరవై ఆరేళ్ల వయసుకే పద్మభూషణ్ అందుకున్న ఆయన, 1972 నుంచి ముంబయిలోని టాటా పరిశోధన సంస్థలో స్థిరపడ్డారు. అక్కడే నిశ్చింతగా పరిశోధన సాగించుకునే వీలుండి కూడా, అప్పటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షులు యశ్‌పాల్ పిలుపునందుకుని, 1988లో ఈ కేంద్రం స్థాపన బాధ్యతను తలకెత్తుకుని 2003 వరకు నడిపారు.

ఇక్కడి సేవల్లో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది అతిథి అధ్యాపకుల పథకం. పెద్ద పరికరాలు, మంచి గ్రంథాలయం అందుబాటులో లేని విశ్వవిద్యాలయాల అధ్యాపకులు ఇక్కడికి వచ్చి ఉండి పనిచేసుకోవచ్చు. ప్రయాణ, వసతి ఖర్చులను కేంద్రమే భరిస్తుంది. విశ్వం ఒక మహావిస్ఫోటంతో (బిగ్ బ్యాంగ్) మొదలైందనే సిద్ధాంతాన్ని నార్లీకర్ చివరిదాకా ప్రశ్నించినవారే అయినా, ఆ సిద్ధాంతం పునాదిగా పనిచేసే విశ్వనిర్మాణ శాస్త్రజ్ఞులనే ఏరికోరి చేర్చుకోవడం ఆయన నాయకత్వంలో అన్నిటికన్నా గొప్ప గుణమని నా అభిప్రాయం.

వాస్తుశిల్పి చార్లెస్ కొరియా రూపొందించిన ఇక్కడి భవనాలు ప్రత్యేకంగా చూడదగినవి. గోడలకు స్థానిక నల్లరాయి, దానిపైన మన కడప రాయి, ఆపైన ఆకాశం ప్రతిఫలించేలా నునుపు చేసిన నల్ల గ్రానైట్ వాడారు. నడిమి ముంగిట ఆర్యభట, గెలీలియో, న్యూటన్, ఐన్‌స్టీన్ విగ్రహాలున్నాయి. భూభ్రమణాన్ని చూపే ఫూకో లోలకం దగ్గర పిల్లలను తొందరపెట్టకుండా నిలబడనివ్వాలి. సంతకం అడిగిన పిల్లలను, ఒక ప్రశ్న రాసి కార్డు పంపమని, జవాబుతోపాటు సంతకం చేస్తానని నార్లీకర్ చెప్పేవారట. బడి పిల్లల కోసం శనివారం ఉపన్యాసాలు ఏర్పాటు చేయడంలోనూ ఆ శ్రద్ధే కనిపిస్తుంది.

పుణెకు సమీపంలోని గిరావలిలో ఈ కేంద్రానికి ఉన్న రెండు మీటర్ల అద్దపు దూరదర్శిని నేటి ప్రపంచ ప్రమాణాలకు చిన్నదే. దక్షిణాఫ్రికాలోని భారీ దూరదర్శినిలో భాగస్వామ్యం ఆ లోటును కొంత పూడుస్తోంది.

కుటుంబంతో వెళ్లేవారికి ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవం అనువైన రోజు. మిగతా రోజుల్లో ప్రవేశం గురించి ముందుగా విచారించుకుని బయలుదేరడం మంచిది.